శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే దిగే విమానాలు: ఎడం ఎంత, బాధ్యత ఎవరిది?

ప్రశ్న (ఫ్రీమాంట్ నుంచి)

అందరికీ నమస్కారం. ఆమధ్య ఒక సాయంత్రం డాలస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వస్తుండగా, శాన్ మేటియో వంతెన దాటిన దగ్గర నుంచి చక్రాలు నేలకు ఆనేవరకూ మా కుడివైపున మరో విమానం ఇంచుమించు మాతో సమానంగా దిగుతూ వచ్చింది. దాని కిటికీల వరుస స్పష్టంగా కనిపించింది. దిగే విమానాల మధ్య కనీసం 3 నాటికల్ మైళ్ల (నాటికల్ మైలు అంటే సుమారు 1.85 కిలోమీటర్లు) ఎడం ఉండాలని లోగడ చదివాను. మరి ఇంత దగ్గరగా రానివ్వడం నియమాలకు లోబడే జరుగుతుందా? ఎదుటి విమానాన్ని పసిగట్టి హెచ్చరించే టీకాస్ పరికరం ఇలాంటప్పుడు ఏం చేస్తుంది? మా అమ్మానాన్నలు త్వరలో హైదరాబాదు నుంచి ఇక్కడికి వస్తున్నారు కనుక, ఈ విషయం వారికి వివరంగా చెప్పాలని ఉంది. తెలిసినవారు దయచేసి రాయగలరు.

మొదటి సమాధానం (విమాన రాకపోకలను నియంత్రించే ఏటీసీలో కంట్రోలర్‌గా పనిచేసి విరమించినవారు)

మీరు చదివిన 3 నాటికల్ మైళ్ల లెక్క సరైనదే. విమానాశ్రయ పరిసరాల్లో రాడార్ సాయంతో నడిపే విమానాల మధ్య పక్కకు గానీ ముందువెనుకలకు గానీ 3 నాటికల్ మైళ్లు, లేదా నిలువున 1,000 అడుగులు ఉండాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటి నిలబడితే చాలు. ముందు దిగిన విమానం రన్‌వేను త్వరగా ఖాళీ చేయగలిగే చోట, చివరి 10 మైళ్లలో ఈ ఎడాన్ని రెండున్నర మైళ్లకు తగ్గించే వెసులుబాటు కూడా ఉంది. గంటకు 140 నాటికల్ మైళ్ల వేగంతో దిగే విమానానికి 3 మైళ్లంటే సుమారు 77 సెకన్లు, రెండున్నర మైళ్లంటే 64 సెకన్లు. రద్దీ విమానాశ్రయంలో కంట్రోలర్ పని అంతా ఆ పదమూడు సెకన్ల చుట్టూ తిరుగుతుందని చెప్పవచ్చు. ముందు వెళ్లేది బోయింగ్ 747 వంటి భారీ విమానమైతే, దాని రెక్కల వెనుక రేగే గాలి సుడులు అణగాలి కనుక, వెనుక వచ్చే ఎయిర్‌బస్ 320 వంటి విమానానికి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 5 మైళ్ల ఎడం ఇవ్వడం ఆనవాయితీ.

అయితే మీరు చూసినది రాడార్ ఎడం కాదు, కంటిచూపుతో పాటించే ఎడం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని 28 ఎడమ, 28 కుడి అనే రెండు సమాంతర రన్‌వేల మధ్యరేఖల దూరం 750 అడుగులు, అంటే సుమారు 229 మీటర్లు మాత్రమే. పరికరాల ఆధారంగా రెండు సమాంతర రన్‌వేల మీద ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విమానాలను దింపాలంటే, ఆ దూరం కనీసం 1,035 మీటర్లు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. కనుక, 2026లో ఆపివేసే వరకూ, ఇక్కడ జంటగా దింపడానికి ఆకాశం నిర్మలంగా ఉండవలసి వచ్చేది. పక్క విమానం తమకు కనిపిస్తున్నదని ఒక పైలట్ చెప్పగానే, దాన్ని చూస్తూ ఎడం పాటించమని కంట్రోలర్ ఆదేశిస్తారు. ఆ క్షణం నుంచి ఎడం పాటించే బాధ్యత ఆ పైలట్లదే. భారీ విమానం పక్కనున్న దేనినీ దాటి ముందుకు పోకూడదన్న నిబంధన అప్పుడు కూడా వర్తిస్తుంది. వేసవి ఉదయాల్లో సముద్రం మీద నుంచి మేఘం కమ్ముకున్నప్పుడు ఈ జంట వరుస చెదిరిపోయి, గంటకు దిగే విమానాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయేది. బే ఏరియా వాసులు ఆ ఆలస్యాలను ఎరగనివారు కారు.

టీకాస్ విషయానికి వస్తే, అది రెండు అంచెలుగా పనిచేస్తుంది. మొదట "ట్రాఫిక్" అని పలికి అప్రమత్తం చేస్తుంది, ముప్పు ముదిరితే ఎక్కమనో దిగమనో ఆదేశిస్తుంది. నేలకు సుమారు 1,000 అడుగుల లోపు ఆ ఆదేశాలు ఆగిపోతాయి, ఎందుకంటే అంత తక్కువ ఎత్తులో దిగమని చెప్పడం నేల మీదికి తోయడమే అవుతుంది. ఇంత దగ్గరి సమాంతర రన్‌వేలకు వచ్చేటప్పుడు, అనవసరపు ఆదేశాలు రాకుండా దాన్ని కేవలం అప్రమత్తం చేసే స్థితిలో ఉంచే పద్ధతి కూడా ఉంది.

రెండవ సమాధానం (వర్జీనియా నుంచి)

పై వివరణలో దోషం లేదు గాని, కంటిచూపు మీద ఇంత భారం మోపడం రాత్రివేళ సమంజసం కాదని నా దృఢమైన అభిప్రాయం. వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయం దగ్గర 2025 జనవరి 29 రాత్రి విచిటా నుంచి వచ్చిన ప్రాంతీయ జెట్ విమానం, సైన్యానికి చెందిన బ్లాక్ హాక్ హెలికాప్టర్ ఢీకొని 67 మంది మరణించారు. జెట్‌ను అప్పటికే 33వ రన్‌వేకు మళ్లించారు. విమానం కనిపిస్తున్నదనీ, చూస్తూ ఎడం పాటిస్తామనీ హెలికాప్టర్‌లోనివారు చెప్పగా కంట్రోలర్ అనుమతించారు. చీకట్లో, నగర దీపాల నడుమ, వరుసగా దిగుతున్న విమానాల్లో తమకు చెప్పినది ఏదో వారు పోల్చుకోలేకపోయారనడానికి ఆ ప్రమాదమే సాక్ష్యం. జెట్‌లోని టీకాస్ సుమారు 20 సెకన్ల ముందు "ట్రాఫిక్" అని పలికింది. ఢీకొన్నది 300 అడుగుల ఎత్తు దరిదాపుల్లో కనుక, తప్పించుకునే ఆదేశం ఇచ్చే అవకాశం దానికి లేదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది మరొకటి. ఆ హెలికాప్టర్ మార్గానికి 200 అడుగుల ఎత్తు పరిమితి ఉంది. విమానాశ్రయం పక్కనున్న పోటోమాక్ నది తూర్పు ఒడ్డున ఆ ఎత్తు తు.చ. తప్పక పాటించినా, 33వ రన్‌వేకు దిగే విమానానికీ హెలికాప్టర్‌కూ నడుమ నిలువున 75 అడుగులే మిగులుతుందని దర్యాప్తు సంస్థ లెక్కగట్టింది. అలాంటి మార్గంలో ఒక మనిషి చూపు తప్పితే కాపాడటానికి ఇంకేదీ మిగలదు. హెయిన్స్ పాయింట్, విల్సన్ వంతెనల మధ్య ఆ మార్గాన్ని మూసివేసినది ప్రమాదం తరువాతే.

మూడవ సమాధానం (హైదరాబాదు నుంచి)

మన దేశపు అనుభవాన్ని కూడా ఇక్కడ చేర్చాలి. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్ 747, కజకిస్తాన్ ఇల్యూషిన్ 76 ఢీకొని 349 మంది మరణించారు. ఢిల్లీకి వచ్చేవీ పోయేవీ అప్పట్లో ఒకే దారిలో ఎదురెదురుగా నడిచేవి. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల వద్ద, కజక్ విమానాన్ని 15,000 అడుగుల వద్ద ఉండమన్నారు, రెండవది తన ఎత్తు నిలుపుకోలేదు. ఆనాటి ఢిల్లీ రాడార్ విమానాల ఎత్తును చూపేది కాదు కనుక, కంట్రోలర్‌కు ఆ సంగతి తెలిసే వీలు లేకపోయింది. ఆ తరువాతే రాకపోకల దారులను వేరుచేసి, టీకాస్‌ను తప్పనిసరి చేశారు.

పరికరం ఉన్నా ఎవరి మాట వినాలన్న స్పష్టత లేకపోతే ఏమవుతుందో 2002 జూలై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ దగ్గర తేలింది. రష్యా విమానాన్ని టీకాస్ ఎక్కమంటే కంట్రోలర్ దిగమన్నారు, అది కంట్రోలర్ మాట విని మరో విమానాన్ని ఢీకొన్నది, 71 మంది మరణించారు. ఇప్పుడు టీకాస్ ఆదేశానిదే పైచేయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. కంటిచూపుతో దిగడం తనకు సమ్మతం కాదని పైలట్ చెప్పవచ్చునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

నిస్సందేహంగా చెప్పవచ్చు. అప్పుడు పరికరాల ఆధారంగా, పూర్తి ఎడంతో దింపాలి. కానీ జంటలుగా సాగిన వరుసలో అంత ఖాళీ దొరకాలంటే ఆ విమానం గాలిలోనే వేచివుండవలసి వచ్చేది. 2023 అక్టోబర్‌లో మ్యూనిక్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా విమానం, రాత్రిపూట కంటిచూపుతో ఎడం పాటించడానికి తమ సంస్థ విధానం ఒప్పుకోదని తెలిపి, చాలాసేపు గాలిలో తిరిగి, చివరకు ఓక్లండ్‌లో దిగింది. వర్జీనియా మిత్రుల అభ్యంతరంతో నేను ఇక్కడ ఏకీభవిస్తున్నాను. పగటివేళ, రెండు విమానాలూ ఒకే దిశలో ఒకే వేగంతో వస్తుండగా ఈ పద్ధతి మీద నాకు నమ్మకం ఉంది. రాత్రివేళ మాత్రం కాదన్న పైలట్‌ను వరుస చివరికి నెట్టకుండా, అలాంటి విమానాల కోసం గంటకు కొన్ని ఖాళీలను ముందుగానే అట్టేపెట్టాలి. అందువల్ల దిగే సంఖ్య కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదలను విమానాశ్రయమూ విమాన సంస్థలూ తమ సమయపట్టికలలోనే లెక్కవేసుకోవాలి.