బుషెల్ అంటే కుంచమేనా?

ప్రశ్న: పాత ఇంగ్లీషు కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో రైతు గోధుమలను బుషెళ్ల లెక్కన అమ్ముతాడు. మత్తయి 5:15లో ఇంగ్లీషు బైబిల్ బుషెల్ అన్నచోట మన బైబిల్లో "కుంచము క్రింద" అని ఉంది కదా, నేనూ కుంచాలు అని రాసేయొచ్చా?

జవాబు: రాయకండి, లెక్క మొత్తం చెడిపోతుంది. మన కుంచం నాలుగు మానికలు, ఊరికో కొలత అనుకున్నా ఒక మనిషి చేత్తో ఎత్తి దీపం మీద బోర్లించగలిగినంత పాత్ర. బ్రిటిష్ బుషెల్ ఎనిమిది గ్యాలన్లు, అంటే 36 లీటర్ల పైమాట, ఇంటికి తెచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు దాదాపు రెండు. గ్రీకు మూలంలో ఉన్నది మోదియస్ అనే రోమన్ల ధాన్యపు కొలత, తొమ్మిది లీటర్లకు కాస్త తక్కువ. ఇంగ్లీషు కొలతల్లో దానికి దగ్గరిది పెక్, అంటే బుషెల్లో నాలుగో వంతు. కాబట్టి ఆ వాక్యం వరకు మనవాళ్ల కుంచమే ఇంగ్లీషువాళ్ల బుషెల్ కన్నా బాగా అతికింది!

మీ కథలో మాత్రం బుషెల్ అనే ఉంచండి. ఆ పాత్ర ఎలా ఉండేదో ఒక ముక్క చెప్తే ఇంకా బాగుంటుంది: వించెస్టర్ బుషెల్ అని 1690ల్లో చట్టంలో పెట్టిన కొలత ప్రకారం అది పద్దెనిమిదిన్నర అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు ఉన్న గుండ్రటి పాత్ర, అంటే లోతు తక్కువ, మూతి బాగా వెడల్పు. అంత వెడల్పు మూతి మీద పోగు పెట్టి కొలిస్తే ఎంత గింజ అదనంగా పోతుందో ఊహించుకోండి. అందుకే గోధుమలను కర్రతో అంచుకు సమంగా చదును చేసి కొలిచేవారు, పోగు కొలతను చివరికి 1830ల్లో చట్టం పెట్టి ఎత్తేశారు. బేరం దగ్గర గొడవ సీన్ ఏమైనా ఉంటే అసలు విషయం ఇదే అయ్యుంటుంది, చూసుకోండి.

ఇంకోటి, ధర దగ్గర క్వార్టర్ అని వస్తే అది ఎనిమిది బుషెళ్లు. క్వార్టర్ 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమలు అమ్మనివ్వకూడదన్న 1815 నాటి చట్టం కూడా ఈ లెక్కలోనే ఉంది. మన పాఠకులకు క్వార్టర్ అనగానే గుర్తొచ్చేది వేరే కాబట్టి అక్కడ "ఎనిమిది బుషెళ్లకు" అని విప్పి రాస్తేనే మేలు.

ప్రశ్న: థాంక్సండీ. గ్యాలన్‌కి 4.5 లీటర్లు వేసుకోవచ్చా?

జవాబు: కథ ఏ కాలంది? బ్రిటన్‌లో 1824 కొలతల చట్టం వచ్చాకైతే వేసుకోండి, పది పౌండ్ల బరువు నీళ్లు పట్టేంత అని అప్పుడే ఖాయం చేశారు, 4.546 లీటర్లు. అంతకుముందైతే బీరు గ్యాలన్ 282 ఘనపు అంగుళాలు, వైన్ గ్యాలన్ 231, ధాన్యానిది మళ్లీ వేరు. అమెరికావాళ్లు ఆ వైన్ గ్యాలన్‌నే ఇప్పటికీ వాడుతున్నారు, అందుకే వాళ్లది 3.785 లీటర్లే. మీ రైతు తాగేది ఏల్ (ఒక రకం బీరు) అయితే 282 లెక్క తీసుకోండి.