ఫాంటసీ స్టార్ మొదటి భాగం: నౌలా గుహలో దారి, ఇంకా కొన్ని సందేహాలు

ఎడమకాలువ
మిర్యాలగూడ నుంచి రాస్తున్నాను. ఫోనులో ఎమ్యులేటర్ (పాత ఆటలు నడిపే ప్రోగ్రాము) పెట్టుకుని 1987 నాటి సెగా ఆట ఫాంటసీ స్టార్ మొదలుపెట్టాను. నాయిక అలిస్, ఆమె తోడు మ్యావ్, ఓడిన్ ముగ్గురూ చేరారు. మోటావియా గ్రహపు గవర్నరును కలవాలంటే చేతిలో కానుక ఉండాలట. ఆ కానుక కేకు అనీ, అది పాల్మా గ్రహం మీద నౌలా గుహలో అమ్ముతారనీ తెలిసింది. గుహలో ఆ దుకాణానికి దారి ఎవరైనా మాటల్లో చెప్పగలరా? రెండోది, ఓడిన్‌కు గొడ్డలి మేలా, తుపాకీ మేలా? మూడోది, మా చెల్లెలి దగ్గర నింటెండో స్విచ్ గేమ్ యంత్రం ఉంది, అందులో వచ్చినది కొనుక్కుంటే నయమా? నాలుగోది, డెజోరిస్ గ్రహంలో మంచు కొండలు తవ్వే యంత్రం ఎక్కడ దొరుకుతుంది?

గద్వాల గడి
నౌలా గుహలో దారి అడిగి తెలుసుకుంటే ఆ కేకుకు రుచే ఉండదు తమ్ముడూ. రాక్షసులు తిరిగే చీకటి గుహ అడుగున ఒక మిఠాయి దుకాణం ఉండటం, లోపలికి వెళ్లగానే దుకాణదారు మామూలుగా బేరానికి రావడం! ఆ తలుపు తెరుచుకున్నప్పుడు నేను మంచం మీద లేచి నిలబడ్డాను. ఆ ఆనందం నీకూ దక్కాలి. ఒక్కటే చెబుతాను. కుడి చెయ్యి గోడకు ఆనించి నడిచే పాత ఉపాయాన్ని ఈ ఆటలో నమ్మకు. కాలు పెట్టగానే కింది అంతస్తుకు జారిపోయే గుంటలు ఉన్నాయి. ఒకసారి పడితే ఏ గోడ పట్టుకున్నావో దానికి అర్థమే లేదు. అచ్చం గోడలా కనిపించే దొంగ తలుపులు కూడా ఉన్నాయి. దారి మూసుకుపోయిందని వెనక్కి తిరిగే ముందు ఎదుటి గోడ మీదికి ఒక అడుగు వేసి చూడు.

నక్షా
నల్లగొండ. మా నాన్నగారు భూముల కొలతల పనిలో ఉండేవారు. ఇంట్లో చదరాల కాగితాలకు కొరత లేదు. ఈ ఆటలోని ప్రతి డంజన్‌కూ (చిక్కుదారుల గుహకూ) నేను గీసిన పటం నా దగ్గర ఉంది. పద్ధతి చెబుతాను, దారి మీరే కనుక్కుంటారు.

ఒక్కో అంతస్తు 16 గడులు అడ్డం, 16 గడులు నిలువు. ముందు ఆ చదరం గీసుకోండి. ఆట మీకు దిక్కు చూపదు, గోడలన్నీ ఒకే రంగులో ఉంటాయి, కాబట్టి ప్రవేశ ద్వారం కాగితం అడుగున పెట్టుకుని, లోపలికి వెళ్లే వైపే ఉత్తరం అని మీరే నిర్ణయించుకోవాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ కాగితాన్ని తిప్పకండి, పెన్సిలు కొననే తిప్పండి. గోడకు నల్ల గీత, తలుపుకు అడ్డ గీత, దొంగ తలుపుకు ఎర్ర గీత. గుంట దొరికితే ఆ గడిలో ఒక అంకె వేసి, కింది అంతస్తు కాగితంలో మీరు పడిన గడిలోనూ అదే అంకె వేయండి. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూస్తే మెట్లు ఎక్కడికి కలుస్తాయో మీకే కనిపిస్తుంది.

స్విచ్ జోలికి మాత్రం వెళ్లకండి. అందులో పటం దానంతట అదే తయారవుతుంది. ఆటలో సగం ప్రాణం తీసేశారు.

పిల్లలమర్రి నీడ
మూడో ప్రశ్నకు జవాబు: కొనుక్కో. 2018లో సెగా ఏజెస్ పేరుతో వచ్చింది. నువ్వు నడిచినకొద్దీ తెర పక్కన పటం నిండుతుంది. కావాలనుకుంటే శత్రువులు తక్కువగా ఎదురయ్యేలా, అనుభవం, డబ్బు ఎక్కువ వచ్చేలా పెట్టుకోవచ్చు. పాత పద్ధతే కావాలంటే అదీ ఉంది. నేను రోజూ మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్లి రావాలి. బస్సులో నిలబడి చదరాల కాగితం ఎక్కడ పరుచుకోవాలి? ఆ ప్రయాణంలోనే ఆట పూర్తి చేశాను, దుష్ట రాజు లాసిక్‌ను దించాను, చివరి శత్రువు డార్క్ ఫాల్జ్‌నూ దించాను. సగం ప్రాణం తీసేశారన్న మాట నాకు నచ్చలేదు.

నక్షా
మీకు నచ్చడం నచ్చకపోవడంతో నిజం మారదు. ఈ ఆట తయారైన రోజుల్లో డంజన్ అంటే తప్పిపోవడమే. కెమెరా ముందుకు కదులుతున్నట్టు నడవాలు కళ్ల ముందు జారుతూ వస్తాయి చూడండి, సెగా మాస్టర్ సిస్టమ్ లాంటి చిన్న యంత్రం మీద ప్రోగ్రామర్ యూజీ నాకా దాన్ని ఎలా సాధించాడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. అంత కష్టపడి కట్టిన నడవాలో మనిషి కళ్లు నడవా మీద ఉండాలి, మూలన ఉన్న చిన్న పటం మీద కాదు. మీరు నౌలా గుహలో నడవలేదు, ఒక చుక్కను గీతల మధ్య జరిపారు.

పిల్లలమర్రి నీడ
నేను ఆడలేదని చెప్పడానికి మీరెవరు? పగలంతా పని చేసి, ఇంటికి వచ్చి పిల్లాడికి చదువు చెప్పి, మిగిలిన సమయంలో ఆడేవాళ్లకు ఈ ఆట హక్కు లేదా? ఒక సంగతి చెబుతాను, జవాబివ్వండి. రెండో భాగం 1990లో అమెరికాలో అమ్మినప్పుడు డంజన్ పటాలున్న సూచనల పుస్తకాన్ని పెట్టెలోనే పెట్టి ఇచ్చారు. సెగా వాళ్లే ఇచ్చారు. అది కూడా ప్రాణం తీయడమేనా?

దేవరకొండ కోట
ఇద్దరూ శాంతించండి. కాగితమా, తెరా అన్నది కాదు అసలు సంగతి. సేవ్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఈ ఆటలో పోరాటం లేనప్పుడు ఎక్కడైనా సేవ్ చేయవచ్చు, గుహ మధ్యలో కూడా. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో అది ఎంత గొప్ప వరమో పట్నంలో పెరిగినవాళ్లకు తెలియదు. ఆట ఉండే కార్ట్రిడ్జ్‌లో చిన్న బ్యాటరీ ఉంటుంది, 5 చోట్ల దాచుకోవచ్చు. కరెంటు పోయినా అలిస్ ఉన్నచోటే ఉండేది.

కానీ ప్రమాదం అక్కడే ఉంది. గుహ అడుగున ప్రాణం అడుగంటినప్పుడు, మ్యాజిక్ పాయింట్లు అయిపోయినప్పుడు ఉన్న ఒక్క సేవ్ మీదే మళ్లీ రాసుకుంటే అక్కడితో ఆట ముగిసినట్టే. కనీసం రెండు చోట్ల మార్చి మార్చి దాచు. ట్రాన్సర్ ఒకటి సంచిలో లేకుండా ఏ గుహలోకీ దిగకు. ఊళ్లోకి తిరిగి తెచ్చి పడేసేది అదే.

సోల్డరింగ్ ఐరన్
సూర్యాపేటలో మాకు మరమ్మతుల దుకాణం ఉంది. పాత గేమ్ యంత్రాలు ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గర చెడిపోయినా చివరికి నా బల్ల మీదికే వస్తాయి, కాబట్టి ఈ విషయం నాకు వదిలేయండి. ఆ కార్ట్రిడ్జ్‌లో ఉండేది సీఆర్ 2032, 3 వోల్టులది. ఇన్నేళ్ల తర్వాత చాలావాటిలో అది చచ్చిపోయి ఉంటుంది. ఆట నడుస్తుంది, సేవ్ మాత్రం నిలవదు. బ్యాటరీ మీద నేరుగా ఐరన్ పెట్టకండి, వేడికి పగిలే ప్రమాదం ఉంది. కాళ్లు అంటించి వచ్చే బ్యాటరీ తెచ్చి, ఆ కాళ్లను మాత్రమే అతికించండి.

ఇంకొక సంగతి. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్, అందులో తెర సెకనుకు 50 సార్లు మారేది. ఆ రకం యంత్రంలో ఈ ఆట పాట నెమ్మదిగా సాగుతుంది, నడకా నెమ్మదే. 60కి తయారు చేసిన ఆట అది. ముంబై నుంచి తెచ్చిన యంత్రంలో పాట విని ఇదే అసలు పాట అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

గద్వాల గడి
మా మేనమామ ముంబై నుంచి తెచ్చిన యంత్రం మీదే నేను విన్నాను. డంజన్ పాట ఆ నెమ్మదిలోనే బాగుంటుంది. భయం నెమ్మదిగానే రావాలి.

సోల్డరింగ్ ఐరన్
బాగుండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు. జపాన్ యంత్రానికి ఎఫ్ఎం శబ్దం (రేడియో కాదు, పాటను నిండుగా పలికించే చిప్) ఉండేది, బయటి దేశాల కార్ట్రిడ్జ్‌లో అది లేదు. స్విచ్‌లో ఆ ఎఫ్ఎం పాట వినిపించే వీలుంది. ఒక్కసారి దాన్ని విని అప్పుడు మాట్లాడండి.

పిల్లలమర్రి నీడ
చూశారా, చివరికి అందరూ స్విచ్ దగ్గరికే వస్తున్నారు.

నక్షా
పాట కోసం వచ్చారు, పటం కోసం కాదు. ఇక మీ పుస్తకం ప్రశ్న. ఆ పుస్తకం రెండో భాగానిది. రెండో భాగంలో డంజన్‌ను పై నుంచి చూస్తాం, కళ్ల ఎదుట గోడలు ఉండవు. అక్కడ తప్పిపోవడం వేరే రకం. దాన్ని తెచ్చి మొదటి భాగానికి అంటగట్టకండి.

వనపర్తి సంస్థానం
అన్నా, తమ్ముడూ అంటూ పటాల మీద కొట్టుకుంటున్నారు కానీ, అతను అడిగిన గొడ్డలి, తుపాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. తుపాకీ ఎదురుగా ఉన్న శత్రువులందరికీ ఒకేసారి తగులుతుంది, దెబ్బ ఎప్పుడూ ఒకటే, శత్రువు ఎంత గట్టివాడైనా తగ్గదు. గుంపుగా వచ్చినప్పుడు, ఒళ్లు గట్టిగా ఉన్నవాళ్లు వచ్చినప్పుడు తుపాకీ. ఒక్కడే వస్తే గొడ్డలి. చివరికి లకోనియా గొడ్డలి దొరికేదాకా తుపాకీని అమ్మేయకు. ఓడిన్‌కు మంత్రాలు రావు, అతని విలువంతా చేతిలో ఉన్నదానిదే.

ఇంకొక మాట. ఇన్ని సందేశాల్లో ఈ ఆట నాయిక ఎవరో ఒక్కరైనా ఆగి చూశారా? 1987లో ఒక ఆడపిల్ల కత్తి పట్టి, తన అన్న నీరోను చంపించిన రాజు మీదికి వెళుతుంది. ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూడదు. మోటావియాకు ఒంటరిగా వెళుతుంది, పిల్లి లాంటి మ్యావ్‌ను తెచ్చుకుంటుంది, రాయిగా మారిన ఓడిన్‌ను ఆ మ్యావ్ దగ్గరున్న మందుతో మనిషిని చేస్తుంది. రాజు మీది యుద్ధానికి అందరినీ కూడగట్టేది ఆమే. బొమ్మలు గీసినవారిలో ముఖ్యురాలు రియెకో కొడామా. తర్వాత 1993లో నాలుగో భాగానికి దర్శకత్వం వహించినవారిలోనూ ఆమె ఉన్నారు. 2022లో పోయారు. యూజీ నాకా పేరు తెలిసినవాళ్లు ఆ పేరూ తెలుసుకోవాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అన్నయ్య నిద్రపోయాక ఈ ఆట ఆడేదాన్ని. అలిస్ కోసం ఆడాను, గోడల కోసం కాదు.

నక్షా
కొడామా గారి పేరు చెప్పినందుకు ధన్యవాదాలు. గోడలు లేకపోతే అలిస్ ధైర్యం కనిపించదు అన్నది మాత్రం నా మాట.

అలంపూర్ బాట
గవర్నర్ దగ్గరికి వెళ్లాక జాగ్రత్త. రాత్రి అక్కడ పడుకుంటే సక్కుబస్ అనే రాక్షసి వస్తుంది. దాన్ని గెలవాలంటే ముందు బాగా బలం పెంచుకుని వెళ్లాలి. నేను అలిస్ ఊరు కామినీట్ చుట్టూ తిరిగి చాలా పెంచుకున్నాకే వెళ్లాను.

దేవరకొండ కోట
అలా చెప్పి ఆ కుర్రాడి రోజులు పాడుచేయకండి. అది కల. ఓడిపోయినా ఏమీ కాదు, తెల్లారి అందరూ క్షేమంగా లేస్తారు. ఆ పోరాటం గెలవడానికి పెట్టింది కాదు.

అలంపూర్ బాట
గెలిచినవాళ్లు ఉన్నారని విన్నాను.

దేవరకొండ కోట
విన్నదాన్ని చూసినట్టు రాయకండి. చూసింది రాయండి.

గద్వాల గడి
బలం పెంచుకోవడం అన్నారు కాబట్టి చెబుతున్నాను. కామినీట్‌లో సూయెలో ఇల్లు ఉంది. ఆమె డబ్బు అడగకుండా ఎన్నిసార్లయినా విశ్రాంతి ఇస్తుంది. మొదట్లో ఊరు దాటి రెండు పోరాటాలు, వెనక్కి ఆమె ఇంటికి, మళ్లీ బయటికి. అంత క్రూరమైన ఆటలో ఆ ఒక్క ఇంటిని అలా ఉంచినవాళ్లకు మనసుంది. శత్రువులతో మాట్లాడే మంత్రం కూడా ఉంది, ఎవరూ వాడరు. కొందరు రాక్షసులు మాట వింటారు, జవాబిస్తారు. అందరినీ నరుక్కుంటూ పోతే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఎడమకాలువ
అందరికీ నమస్కారం. నక్షా గారి పద్ధతిలో కాగితం మీద గీశాను. ఎర్ర గీత ఒకటి పడ్డాకే దారి తెరుచుకుంది. కేకు దొరికింది, గవర్నర్ ఉత్తరం ఇచ్చాడు, కల కూడా వచ్చింది, ఓడిపోయాను, ఏమీ కాలేదు. మహారు గుహలో మాంత్రికుడు నోవా ఆ ఉత్తరం చూసి మాతో వచ్చాడు. ఇప్పుడు నలుగురం. తుపాకీ అమ్మలేదు.

చెల్లెలు స్విచ్‌లో అదే గుహ ఆడింది. నేను గీసిన కాగితం పక్కన పెట్టి ఆ పటంతో పోల్చాం. ఒక్క గడి తప్ప అంతా కలిసింది.

నక్షా
ఏ గడి? ఏ అంతస్తు? ఫొటో పెట్టండి, నా దగ్గరున్న దానితో సరిచూస్తాను.

పిల్లలమర్రి నీడ
నేనూ చూస్తాను. స్విచ్‌లో నా పటం పూర్తిగా నిండి ఉంది. గడి తప్పింది కాగితంలో అయితే ఒప్పుకోవాలి మరి.

నక్షా
తెరలో కాకపోతే తప్పకుండా ఒప్పుకుంటాను.

ఎడమకాలువ
ఫొటో రాత్రికి పెడతాను. నాలుగో ప్రశ్న మాత్రం అలాగే ఉంది, ఆ మంచు తవ్వే యంత్రం. ముందు గోథిక్ ఊళ్లో లువెనో అనే శాస్త్రవేత్త అంతరిక్ష ఓడ కట్టాలట, దాన్ని నడపడానికి హాప్స్‌బీ అనే రోబో కావాలట. హాప్స్‌బీ ఎక్కడ?

వనపర్తి సంస్థానం
బోర్టెవోలో, పాత ఇనుము కుప్పలో. ముందు ఏబియన్‌లో పాలీమెటీరియల్ కొను, దాన్ని ఆ కుప్ప మీద వాడితే చెత్త కరిగి రోబో బయటపడుతుంది. లువెనోకు డబ్బు సిద్ధంగా ఉంచుకో, ఊరికే కట్టడు. డెజోరిస్ సంగతి ఓడ ఎక్కాక అడుగు.

అలంపూర్ బాట
సోల్డరింగ్ ఐరన్ గారూ, నా దగ్గర మాస్టర్ సిస్టమ్ కార్ట్రిడ్జ్ ఒకటి ఉంది. సేవ్ నిలవడం లేదు. గద్వాల బస్సులో పంపితే చేసి ఇస్తారా? పాత సేవ్‌లు పోకుండా చేయవచ్చా?

సోల్డరింగ్ ఐరన్
నిలవడం లేదంటే లోపల ఏమీ మిగల్లేదు, పోవడానికి అక్కడ పాత సేవ్‌లు ఉండవు. బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉన్నవాళ్లు మాత్రం తీసే ముందు బయటి నుంచి 3 వోల్టులు అందిస్తూ మార్చుకోవాలి, అప్పుడే లోపలిది నిలుస్తుంది. బస్సులో పంపకండి, విరిగితే ఎవరిని అడుగుతారు? సూర్యాపేట వచ్చే మనిషి చేతికి ఇచ్చి పంపండి. ఆదివారం నేను దుకాణం తీయను.