బాబు ఆటో ఆయన్ను "ఏయ్" అంటున్నాడు, ఎలా మాన్పించాలి?

హన్మకొండ అమ్మ:
బాబుకు ఆరేళ్లు, ఒకటో తరగతి. బడిలో నేర్పిన థాంక్యూ, సారీ అన్నీ చక్కగా చెప్తాడు. కానీ మొన్న బడి ఆటో ఐదు నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి "ఏయ్ ఆటో, ఎందుకు లేటు చేసినవ్?" అన్నాడు. ఆయనకు మా బాపు వయసు ఉంటుంది. ఏమీ అనకుండా బ్యాగు అందుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం నర్సంపేట నుంచి మా పెద్దత్తమ్మ వస్తే ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. అందరి ముందు "నమస్తే పెట్టు" అని అరిచాను. కర్టెన్ వెనక్కి పోయి ఏడ్చాడు, ఆమె వెళ్లేదాకా బయటికి రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. కొట్టడం నాకు ఇష్టం లేదు. మీ ఇళ్లలో ఎలా నేర్పారు?

కాజీపేట నాన్న:
ఒకటి అడుగుతా అక్కా, ఏమనుకోకండి. ఆటో ఆయన్ను ఇంట్లో మీరేమని పిలుస్తారు? మా పాప కూరగాయలమ్మే ఆమెను "ఏయ్ కూరగాయలూ" అనేది. ఎక్కడ నేర్చిందా అని చూస్తే, రోజూ బాల్కనీలోంచి నేను వేసే కేక అదే. పాపకేమీ చెప్పలేదు. నేను "అక్కా" అనడం మొదలుపెట్టాను. నెల పట్టింది. ఇప్పుడు "అక్కా, నీళ్లు తాగుతవా?" అని తనే అడుగుతుంది. "నువ్వు" అన్నా తప్పు లేదు, మన దగ్గర నాయనమ్మను కూడా నువ్వనే అంటాం కదా. వరస పెట్టి పిలవాలి, గొంతులో ప్రేమ ఉండాలి.

ములుగు టీచరమ్మ:
31 ఏళ్లు చిన్న తరగతులకే చెప్పాను తల్లీ. నలుగురిలో నమస్తే పెట్టమంటే పిల్లలు బిగుసుకుపోతారు. వాడికి పని ఇవ్వు. చుట్టాలు చెప్పులు విడుస్తుండగానే గ్లాసుతో నీళ్లు వాడే తీసుకుపోవాలి. చేతిలో పని ఉంటే సిగ్గు సగం పోతుంది. ఫోన్ వాళ్లు రాకముందే తీసి పెట్టు, వచ్చాక గుంజుకోకు.

మన పండుగలు ఉన్నవే ఇందుకు. సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండి వాడి చేత పంచిపెట్టించు. దసరాకు జమ్మి ఆకు "బంగారం" అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం కదా, ఈసారి ఆటో ఆయన చేతిలోనూ పెట్టించు.

హన్మకొండ అమ్మ:
కాజీపేట తమ్ముడూ, నిజమే. ఆలస్యమైన రోజు ఫోన్ చేసి "ఏమయ్యా, ఎక్కడున్నవ్?" అని గదిమేది నేనే. బాబు పక్కనే ఉంటాడు. ఈ రోజు "కాకా, నిమ్మళంగ రా" అన్నాను. వచ్చాక ఊరేదని అడిగితే పరకాల దగ్గరట, మనవరాలు ఉందట. రెండేళ్లుగా వస్తున్నాడు, ఒక్కనాడూ అడగలేదు నేను. సాయంత్రం ఆటో దిగుతూ బాబు "తాతా, మీ మనవరాలు ఏ క్లాసు?" అన్నాడు.

టీచరమ్మా, ఆదివారం మేమే నర్సంపేట పోతున్నాం. నమస్తే మాట ఎత్తను. పండ్ల సంచి మాత్రం వాడి చేతికే ఇస్తాను.