సాయంత్రం ఎండలో బండలు వేస్తే సున్నం కొట్టినట్టు వస్తున్నాయి, ఎందుకు?

కుంచెసంచి:
గోల్కొండ వైపు బండల మీద అయిదు దాటాక పడే ఎండను 8 బై 10 అంగుళాల బోర్డు మీద ఆయిల్‌లో వేస్తున్నాను. ఎండ పడ్డ వైపు టైటానియం వైట్ ఎంత కలిపితే అంత పాలిపోతోంది. నీడలు నల్లగా చచ్చినట్టున్నాయి. ఇంట్లో చూస్తే బొమ్మ మొత్తం ఇంకా చీకటి. లోపం రంగుల్లోనా, చూపులోనా?

గ్రానైట్‌గుట్ట:
చూపులోనే అండీ. ట్యూబులో తెలుపు ఎండతో ఎప్పటికీ పోటీపడలేదు. ఎండ రావాలంటే చుట్టూ ఉన్నవి తగ్గాలి. కళ్ళు సగం మూసి ఆకాశాన్నీ, బండనూ పోల్చండి. సూర్యుడు మీ వెనక ఉంటే, ఎండ పడ్డ బండ తూర్పు ఆకాశం కన్నా వెలుగ్గా ఉండొచ్చు. ఆకాశమంటే తెలుపే అని అలవాటుగా వేసేస్తాం, ఇక బండకు మిగిలేదేముంది? ఆకాశాన్ని ఒక మెట్టు ముదురు చేయండి.

ఇంకోటి, టైటానియం వైట్ రంగును చల్లబరుస్తుంది. ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) మూడు వంతులు, కాడ్మియం ఆరెంజ్ ఒక వంతు ముందు కలపండి. తెలుపు చివర్లో, రంగులు కలిపే కత్తి కొసతో కాస్త.

నీడపట్టు:
నలుపు ట్యూబు ఇంట్లో పెట్టి వెళ్ళండి. అల్ట్రామెరీన్ నీలం రెండు వంతులు, బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమరంగు) ఒక వంతు, కాస్త తెలుపు చాలు. నీడలో కూడా పైకి తిరిగిన భాగానికి ఆకాశపు నీలం అంటుతుంది, నేలవైపు వంగిన భాగానికి ఎర్రమట్టి వెచ్చదనం ఎగదన్నుతుంది. కాబట్టి కిందికి వచ్చేకొద్దీ సియెన్నా పెంచాలి. అయితే ఒకే బండ మీద నీడలోని అతి లేత చోటు కూడా ఎండలోని అతి ముదురు చోటు కన్నా ముదురుగానే ఉండాలి. ఇది తప్పితే ఎంత మంచి రంగు పెట్టినా ఎండ కనబడదు.

ఇంట్లో చీకటిగా కనబడటానికి కారణం వేరు: బోర్డు మీద నేరుగా ఎండ పడుతోంది. ఎండలో రంగు లేతగా కనిపిస్తుంది, అందుకే తెలియకుండా ముదురు కలుపుతాం. బోర్డు, పాలెట్ (రంగులు కలిపే పలక) రెండూ నీడలో ఉండాలి. గొడుగు నల్లదో బూడిదరంగుదో వాడండి. ఎర్ర గొడుగు కింద ఏ రంగునూ నమ్మలేం. నీడల అంచులు మొదటి పది నిమిషాల్లో గీసేసి, తర్వాత అవి ఎంత జరిగినా కదపకండి.

కుంచెసంచి:
థ్యాంక్స్ అన్నా. దూరంగా కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు నీలంగా వేస్తే అతకడం లేదు?

గ్రానైట్‌గుట్ట:
సూర్యుడి వైపు చూస్తుంటే మన దుమ్ముగాలి నీలం కాదు, పసుపు కలిసిన బూడిదరంగు. సూర్యుడు వెనక ఉంటే ఊదా వైపు వెళ్ళొచ్చు. దూరంలో ముందు పలచబడేది నీడే. గుమ్మటం నీడను బాగా లేత చేయండి, వెలుగు వైపు పెద్దగా ముట్టుకోవద్దు.