బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు ఒక్కటే చూసి బ్యాటింగ్ ఆర్డర్ వేయవచ్చా?

ప్రశ్న: విశాఖ స్కోరర్

విశాఖపట్నంలో ఒక కళాశాల బేస్‌బాల్ జట్టుకు స్కోర్‌బుక్ రాస్తున్నాను. బ్యాటింగ్ ఆర్డర్ వేసేటప్పుడు మా కోచ్ గారు బ్యాటింగ్ సగటు తప్ప మరే అంకెనూ చూడరు. క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు సగటు అంటే పరుగులను ఔటైన సార్లతో భాగించడం. ఇక్కడ హిట్లను (బ్యాటుతో కొట్టి క్షేమంగా బేస్ చేరిన సార్లను) ఎట్-బ్యాట్లతో (వాక్ వంటివి పోగా మిగిలిన బ్యాటింగ్ అవకాశాలతో) భాగిస్తున్నారు. వాక్ ద్వారా, అంటే నాలుగు చెడ్డ బంతులను వదిలేసి ఉచితంగా, మొదటి బేస్ చేరినవాడికి ఆ లెక్కలో చోటే లేదు. మా జట్టులో ఒకడు చెడ్డ బంతులను ఓపికగా వదిలేసి తరచూ బేస్ చేరుతున్నా, సగటు తక్కువని ఎనిమిదో స్థానంలో ఆడుతున్నాడు. దొరికిన ప్రతి బంతికీ బ్యాటు ఊపి సింగిల్స్ (ఒక్క బేస్ హిట్లు) సంపాదించే మరొకడు మొదటి స్థానంలో దిగుతున్నాడు. వీరిద్దరినీ న్యాయంగా పోల్చాలంటే ఏ గణాంకం వాడాలి? అందుకోసం పుస్తకంలో నేనేమి రాసుకోవాలి?

లెక్కల మాస్టారు, సీతమ్మధార

మీ సందేహానికి అమెరికా మేజర్ లీగ్‌లో 2004 సీజన్ చక్కని ఉదాహరణ. ఆ ఏడాది సియాటిల్ ఆటగాడు ఇచిరో సుజుకి 704 ఎట్-బ్యాట్లలో 262 హిట్లు కొట్టి, 1920 నుంచి చెక్కుచెదరని జార్జ్ సిస్లర్ 257 హిట్ల రికార్డును దాటాడు. అతని సగటు 0.372. శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు బ్యారీ బాండ్స్ 373 ఎట్-బ్యాట్లలో 135 హిట్లతో 0.362 సాధించాడు. మీ కోచ్ గారి పద్ధతిలో ఇచిరోదే పైచేయి.

అయితే బాండ్స్ ఎట్-బ్యాట్లు అంత తక్కువగా ఎందుకున్నాయో చూడండి. ప్రత్యర్థులు అతనికి 232 వాక్‌లు ఇచ్చారు, అందులో 120 కావాలని ఇచ్చినవే. వాక్, ఒంటికి బంతి తగిలి బేస్ పొందడం, శాక్రిఫైస్ (తాను ఔటై తోటి రన్నర్‌ను ముందుకు పంపడం) వంటివి ఎట్-బ్యాట్‌గా లెక్కకు రావు కనుక సగటు వాటిని పట్టించుకోదు. (1887లో ఒక్క ఏడాది వాక్‌ను కూడా హిట్‌గానే లెక్కగట్టి, మరుసటి ఏడాదే ఆ పద్ధతిని విరమించుకున్నారు.) హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలిన బంతులు కలిపి, ఆ మొత్తాన్ని ఎట్-బ్యాట్లు, వాక్‌లు, తగిలిన బంతులు, శాక్రిఫైస్ ఫ్లైల (క్యాచ్ ఔటైనా రన్నర్‌కు పరుగు తెచ్చిన ఎత్తు షాట్ల) మొత్తంతో భాగిస్తే వచ్చేది ఆన్-బేస్ శాతం. ఇందులో ఇచిరో 0.414, బాండ్స్ 0.609.

ఇక కొట్టిన హిట్ ఎంత దూరం తీసుకెళ్లిందన్నది స్లగ్గింగ్ శాతం చెబుతుంది. హిట్‌తో దక్కిన బేస్‌ల లెక్కన సింగిల్‌కు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్ రన్‌కు 4 చొప్పున కూడి ఎట్-బ్యాట్లతో భాగించాలి. ఇచిరో హిట్లలో 225 సింగిల్సే కావడంతో అతనికి 0.455 వచ్చింది, 45 హోమ్ రన్లు కొట్టిన బాండ్స్‌కు 0.812. ఈ రెండు శాతాలనూ కూడితే వచ్చే ఓపీఎస్ వరుసగా 0.869, 1.422 (కుదించని శాతాలను కూడితే). బాండ్స్ చుట్టూ ఉన్న ఉత్ప్రేరకాల వివాదం వేరే సంగతి, అంకెల పాఠం మాత్రం దానివల్ల మారదు.

ఈ తేడా క్రికెట్ అభిమానులకు వెంటనే మింగుడుపడదు. 2005లో మన విశాఖలోనే పాకిస్తాన్‌పై ధోనీ చేసిన 148 పరుగులను తలచుకునేటప్పుడు 123 బంతులనే మాటను కూడా కలిపి చెబుతాం, ఎందుకంటే వన్డేలో ఓవర్లకు పరిమితి ఉంది. బేస్‌బాల్‌లో బంతులకు పరిమితి లేదు; తొమ్మిది ఇన్నింగ్స్‌లో జట్టుకు ఉన్నవి 27 ఔట్లు మాత్రమే. ఔట్ కాకుండా బేస్ చేరినవాడు, ఎలా చేరినా, జట్టు ఆటను పొడిగించినట్టే. అందుకే ఒక్క అంకెనే ఎంచుకోమంటే నేను ఆన్-బేస్ శాతాన్నే ఎంచుకుంటాను.

పాత క్యాచర్, గాజువాక

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు, కానీ దానిని కళాశాల ఆటకు యథాతథంగా అన్వయించడం పట్ల అభ్యంతరం ఉంది. మేజర్ లీగ్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఇచ్చే వాక్‌లో బ్యాటర్ ప్రతిభ చాలా ఉంటుంది. మన మైదానాల్లో అనేక వాక్‌లు పిచ్చర్‌కు గురి కుదరకపోవడం వల్ల వస్తాయి, అవి ఎవరికైనా వస్తాయి. కనుక ఏ పిచ్చర్ వేసినప్పుడు వాక్ వచ్చిందో కూడా రాసుకోండి. అలాగే ఫీల్డర్ ఎర్రర్ (పొరపాటు) వల్ల బేస్ చేరిన బ్యాటర్‌కు ఎట్-బ్యాట్ పడుతుంది, హిట్ పడదు. ఆన్-బేస్ శాతంలో కూడా అది చేరదు. ఎర్రర్లు ఎక్కువగా జరిగే ఆటలో వేగంగా పరుగెత్తి ఫీల్డర్‌ను తొందరపెట్టేవాడికి దీనివల్ల అన్యాయం జరుగుతుంది. దానికి విడిగా ఒక గడి పెట్టుకోండి.

ఓపీఎస్‌ను కూడా మరీ నమ్మకండి. అందులో హోమ్ రన్ సింగిల్ కంటే నాలుగు రెట్లు అన్న లెక్క కలిసి ఉంది. నిజానికి పరుగులు తేవడంలో దాని విలువ రెండు రెట్లకు కాస్త ఎక్కువ. వెయిటెడ్ ఆన్-బేస్ సగటు అనే కొలమానంలో వాక్‌కు సుమారు 0.7, సింగిల్‌కు 0.9, హోమ్ రన్‌కు 2 చొప్పున వేస్తారు.

విశాఖ స్కోరర్

ఇద్దరికీ ధన్యవాదాలు. మా సీజన్ చిన్నది. ఒక్కొక్కరికి యాభై ఎట్-బ్యాట్లు దొరికితే గొప్ప. అంత తక్కువ లెక్కతో కోచ్ గారి దగ్గరికి వెళ్లవచ్చా?

లెక్కల మాస్టారు, సీతమ్మధార

సగటుతో వెళ్తే ఇబ్బందే. నిజ సామర్థ్యం 0.300 ఉన్న ఆటగాడికి 50 ఎట్-బ్యాట్లలో ప్రామాణిక విచలనం సుమారు 0.065 ఉంటుంది, అంటే 0.235 వచ్చినా, 0.365 వచ్చినా ఆశ్చర్యపడనవసరం లేదు. వాక్‌లు, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔటవడం) ఎంత తరచుగా వస్తున్నాయన్నది దీనికంటే త్వరగా నిలకడకు వస్తుంది, ఎందుకంటే కొట్టిన బంతి ఫీల్డర్ చేతిలో పడిందా, ఖాళీలో పడిందా అన్న అదృష్టం వాటిలో లేదు. మీ ఓపికగల కుర్రవాడి వాక్‌లు పలువురు పిచ్చర్ల మీద వచ్చినవైతే వాటినే చూపించండి.

శాతాలు కాదు, ప్రతి అవకాశంలో జరిగినదంతా రాయండి. ఏ గణాంకమైనా తరువాత తీయవచ్చు. కోచ్ గారికి ఇంకొక మాట కూడా చెప్పండి: ఆర్డర్‌లో ఒక్కో స్థానం కిందికి దిగితే సగటున ఆటకు తొమ్మిదో వంతు అవకాశం తగ్గుతుంది. మొదటి స్థానానికీ ఎనిమిదో స్థానానికీ మధ్య ఆ తేడా ప్రతి నాలుగు ఆటలకు సుమారు మూడు అవకాశాలు.