పుట్టుకతోనే చెడ్డ జాతి: మన క్యాంపెయిన్‌లో ఉంచాలా, తీసేయాలా?

తిరుపతి డీఎం:
మేము అయిదుగురం ఆదివారాలు కొర్లగుంటలో మా మేడ మీద డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. పాచికలు (డైస్) వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కలిసి కథ నడిపే ఆట అది. వారాల తరబడి సాగే ఆ కథనే క్యాంపెయిన్ అంటాం. ప్రపంచం మేం కల్పించుకున్నదే, కథ నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) నేనే. శేషాచలం లాంటి కొండలు, కింద ఊళ్లు, కొండల్లో ఓర్క్‌లు, అంటే రాక్షసుల్లాంటి కల్పిత జాతి. ఓర్క్‌లు ఎందుకు చెడ్డవాళ్లో నేనెప్పుడూ ఆలోచించలేదు. అందరూ అలాగే ఆడతారు కాబట్టి అలాగే పెట్టేశాను.

పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి నా నోట్సు చదివి, "వీళ్లు పుట్టుకతోనే దొంగలా అన్నా?" అంది. అవునన్నాను. ఆ అమ్మాయి ముత్తాత రోజూ రాత్రి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి కనిపించి రావాల్సి వచ్చేదట. తప్పు చేసి కాదు, ఎరుకల ఇంట పుట్టినందుకు. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. నా నోట్సులో ఉన్నది ఆ చట్టం చెప్పిన మాటే. ఆ రోజు ఇక ఆట సాగలేదు.

ఓర్క్‌లను మార్చి రాయాలనుకుంటున్నాను. మీరేమంటారు?

చిత్తూరు ప్లేయర్:
ఆ అమ్మాయి బాధ అర్థమవుతోంది. కానీ ఓర్క్ మనిషి కాదు కదా అన్నా. వారమంతా పని టెన్షన్‌లో ఉండి, మూడు గంటలు కత్తి తిప్పుదామని కూర్చుంటాం. ఎదురొచ్చిన ప్రతివాడికీ ఒక కన్నీటి కథ ఉంటే డైస్ వేయడానికి చేయి రాదు. మేమూ ఒకసారి మార్చి చూశాం. గోబ్లిన్లందరూ (ఓర్క్‌ల్లాంటి మరో జాతి) మంచివాళ్లు, మనుషులే దుర్మార్గులు. నాలుగు సెషన్లకే ఆట చప్పబడిపోయింది. అయినా మన పురాణాల్లో రాక్షసులు లేరా?

శ్రీకాళహస్తి నుంచి:
ఉన్నారు. కానీ ఎలా ఉన్నారో చూడండి. తిరుమలలో బంగారు వాకిలికి అటూ ఇటూ నిలబడి ఉండేది జయవిజయులు. శాపం తగిలి హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, తర్వాత రావణ కుంభకర్ణులుగా పుట్టింది వాళ్లే. బలి చక్రవర్తి పాలనను పొగడనివాళ్లు లేరు. ప్రహ్లాదుడిని మాత్రం ఉదాహరణగా తీసుకోవద్దని నా మనవి. జాతి మొత్తంలో ఒక్కడే మంచివాడంటే, మిగతావాళ్లంతా చెడ్డవాళ్లని మనమే ఒప్పుకున్నట్టు. ఈ ఆటలో డ్రౌలనే భూమి కింది మాయాజాతి విషయంలో ఏళ్ల తరబడి జరిగింది అదే.

2020లో ఈ ఆట తయారుచేసే కంపెనీవాళ్లే ఓర్క్‌లనూ డ్రౌలనూ మిగతావాళ్లలాగే మంచీ చెడూ కలిసినవాళ్లుగా చూపిస్తామని ప్రకటించారు. 2024 నియమాల్లో ఓర్క్ అందరూ ఎంచుకోగల మామూలు క్యారెక్టర్. 'రేస్' అనే మాట తీసేసి 'స్పీషీస్' పెట్టారు. మనం వాడే 'జాతి' అంతకంటే బరువైన మాట. కులాన్నీ అదే మాటతో అంటాం.

తాతయ్యగుంట గంగమ్మ కథ గుర్తు చేసుకోండి. ఆడవాళ్లను చెరిచిన ఒక్క పాలెగాడి కోసం అమ్మవారు వేషాలు మార్చి మార్చి వెతికింది, దొరికాక తల నరికింది. జాతరలో ఎవరూ పాలెగాళ్లంతా అంతే అనరు. కోపమంతా ఆ ఒక్కడి మీదే, వాడు చేసిన పని మీదే.

తిరుపతి డీఎం:
చిత్తూరు అన్న చెప్పిందీ నిజమే. అందరినీ మంచివాళ్లను చేస్తే ఆట ఉండదు. రాత్రి కూర్చుని ఇలా రాశాను.

కొండ దారుల్లో ఓర్క్‌లు బండ్లు ఆపి డబ్బు తీసుకుంటారు. వాళ్ల లెక్కలో అది కావలి రుసుము, మన పాలెగాళ్లు వసూలు చేసినట్టు. కింద వర్తకులకు అది దోపిడీ. రుసుము తీసుకున్నాక దారిలో సరుకు పోతే కట్టివ్వాల్సిందీ ఓర్క్‌లే. వాళ్లతో బేరమాడొచ్చు, పోట్లాడొచ్చు.

ఇక కత్తి తిప్పడానికి ఒక నాయకుడున్నాడు. రుసుము తీసుకుని కూడా బండ్లు తగలబెట్టేవాడు. వాడి దగ్గర ప్రమాణం చేసినవాళ్లు మణికట్టుకు నల్ల తాడు కట్టుకుంటారు. అందులో ఓర్క్‌లున్నారు, మనుషులున్నారు, ఎల్ఫ్‌లనే మాయాజాతివాళ్లూ ఉన్నారు. తాడు కనిపిస్తే డైస్ వేయండి, సందేహం అక్కర్లేదు. తాడు తెంపి దండం పెట్టినవాడిని ఏం చేయాలో ప్లేయర్ల ఇష్టం. నడిచే శవాలను అలాగే ఉంచాను. వాటిని ఎవడో మంత్రం వేసి లేపాడు, అవి ఒక తల్లికి పుట్టినవి కావు.

చిత్తూరు ప్లేయర్:
తాడు బాగుంది, మా టేబుల్‌లోనూ పెడతాను. అయినా చూడగానే ఒళ్లు జలదరించే జాతి ఒకటైనా ఉండాలని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. తాడు విప్పి వచ్చే గూఢచారి సంగతేంటి?

తిరుపతి డీఎం:
దానికి ఇంకా జవాబు దొరకలేదు అన్నా. ఆదివారం మీరే గూఢచారిగా వచ్చి ఆడండి, చూద్దాం. ఆ అమ్మాయి తన క్యారెక్టర్ మార్చుకుంటానంది. కావలి లెక్కలు రాసే ఓర్క్ కరణం.