'లూజ్ కప్లింగ్'ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌ల మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాం. ఒక క్లాసు ఇంకో క్లాసుకి గట్టిగా అతుక్కుపోయే టైట్ కప్లింగ్‌కి 'దృఢ సంధానం', సులువుగా మార్చుకునే వీలుండే లూజ్ కప్లింగ్‌కి 'శిథిల సంధానం', క్లాసులో ఏయే మెథడ్‌లు ఉండాలో చెప్పే ఇంటర్‌ఫేస్‌కి 'అంతర్ముఖం' అనుకున్నాం. సరిపోతాయా?

జవాబు: 'శిథిలం' అనగానే కూలిన గోడ కళ్ళముందుకొస్తుందండీ. సంస్కృతంలో 'సడలినది' అనే అర్థం ఉన్నా మన వాడుకలో అది నిలవలేదు. పీటముడి, జారుముడి అనండి. ఆర్డర్ క్లాసు కన్‌స్ట్రక్టర్‌లోనే 'న్యూ ఫైల్‌లాగర్' అని రాసుంటే అది పీటముడి. లాగ్‌ని ఫైల్లోంచి సిస్‌లాగ్‌కి (ఆపరేటింగ్ సిస్టం లాగ్‌కి) మళ్ళించాలంటే ఆర్డర్ కోడ్ తెరవాలి. టెస్టు నడిపినప్పుడల్లా డిస్కు మీద ఫైలు పడుతుంది. అదే కన్‌స్ట్రక్టర్ పీఎస్ఆర్-3 (పీహెచ్‌పీలో లాగింగ్‌కి ఉమ్మడి ప్రమాణం)లోని లాగర్‌ఇంటర్‌ఫేస్‌ని అడిగితే, అసలు సిస్టంలో మోనోలాగ్ అనే లాగింగ్ లైబ్రరీ ఇస్తాం, టెస్టులో ఏమీ రాయని నల్‌లాగర్ ఇస్తాం. ఆర్డర్ కోడ్‌లో అక్షరం మారదు.

ఇంకొకరు: జారుముడి అంటే దానంతటదే ఊడిపోతుందన్న ధ్వని లేదూ?

జవాబు: 'ముడి' కూడా ఉంది కదండీ అందులో. మనం కొస పట్టి లాగేదాకా ఊడదు.

మరొకరు: 'అంతర్ముఖం' మాత్రం వద్దు. తనలోకి తాను చూసుకునేవాళ్ళకి వాడే మాట అది. 'ఒడంబడిక' బాగుంటుంది, అందులో షరతులు ఉంటాయి కాబట్టి. క్లాసులకి కావాల్సిన సర్వీసుల్ని అందించే పీఎస్ఆర్-11 కంటెయినర్‌కి షరతులు, అంటే మెథడ్‌లు, రెండే: గెట్, హాజ్. పీఎస్ఆర్-3కి 9: ఎమర్జెన్సీ నుంచి డీబగ్ దాకా 8 స్థాయిలు, వాటితోపాటు లాగ్. సగం రాసిపెట్టిన అబ్‌స్ట్రాక్ట్‌లాగర్ క్లాసుని ఎక్స్‌టెండ్ చేస్తే లాగ్ ఒక్కటి రాస్తే చాలు, మిగతా 8 దానికే వెళ్తాయి.

అయితే షరతులు తక్కువైనంత మాత్రాన ముడి సడలదని పాఠంలో గట్టిగా చెప్పండి. ఒడంబడికలో ఒకే మెథడ్ ఉండి, అది డాక్ట్రిన్ అనే డేటాబేస్ లైబ్రరీలోని క్వెరీబిల్డర్‌ని తిరిగిస్తే పీటముడి అలాగే ఉన్నట్టు. పిలిచేవాడి కోడ్ నిండా డాక్ట్రిన్ మాటలే పడతాయి, రేపు డాక్ట్రిన్ తీసేస్తే అన్నీ తిరగరాయాలి. తిరిగిచ్చేది మన సొంత ఆబ్జెక్టయి ఉండాలి. కంటెయినర్నే క్లాసు చేతికివ్వడం ఇంకా చెడ్డది. క్లాసుకి ఏమేం కావాలో కన్‌స్ట్రక్టర్ చూస్తే తెలియదు. ఒక సర్వీసు లేకపోతే ప్రోగ్రాం నడుస్తూ ఆ లైనుకి చేరాకే బయటపడుతుంది. అలా ఇవ్వొద్దని పీఎస్ఆర్-11లోనే రాసుంది.

ప్రశ్న: మరి డీకప్లింగ్‌కి 'ముడి విప్పడం' అనొచ్చా?

జవాబు: విప్పితే రెండూ విడిపోతాయి. ఇక్కడ కలిసే పనిచేయాలి కదా, 'ముడి సడలించడం' అనండి. కోడ్‌లో కీవర్డుగా వచ్చినచోట మాత్రం 'ఇంటర్‌ఫేస్' అనే ఉంచండి, వివరించేటప్పుడు 'ఒడంబడిక' వాడండి.